ఇరవై నాలుగు గంటల సీసా

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, డాక్టరమ్మ చెప్పినట్టే మొదటి మూత్రం పారబోసి, అక్కణ్నుంచి సీసాలో పట్టడం మొదలుపెట్టాను. మర్నాడు అదే వేళ వరకూ ఒక్క చుక్క పోకూడదు. విజయనగరంలో ఆ పరీక్ష లేదు. విశాఖపట్నం పంపాలి. ఎండాకాలం కనక సీసాను పెరట్లో తడి ఇసుకలో పెట్టాం.

అరవైల చివర్లో, కడుపు రావడానికని అప్పుడప్పుడే వచ్చిన మాత్రలు వాడితే వచ్చిన గర్భం అది. అంతకు ముందు రెండు పోయాయి. మూడో నెలలో కొద్దిగా రక్తం కనబడింది. మూత్రంలో గర్భాన్ని నిలిపే హార్మోను కొంచెం తగ్గితే ఇంజెక్షన్లు ఇస్తానని, బాగా పడిపోతే లోపల బిడ్డ లేనట్టేనని డాక్టరమ్మ చెప్పింది.

ఆరో రోజున రిపోర్టు వచ్చింది. హార్మోను దాదాపు లేదు. విషమెక్కక ముందే కడుపు శుభ్రం చెయ్యాలంది డాక్టరమ్మ. పొద్దున కూడా వాంతయిందని, రక్తం ఆగి నాలుగు రోజులైందని చెప్పాను. ఇంకోసారి పరీక్ష చేయించమని అడిగాను. ఆవిడ తలెత్తలేదు.

"నీ మాట నమ్మాలా, కాగితం నమ్మాలా?" అంది.

మా ఆయన కాగితాన్నే నమ్మాడు. సంతకం ఆయనదే. నన్నడగలేదు.

శుభ్రం చేశాక ఇంటికొచ్చిన మర్నాడు అత్తగారు నాకు గంజి తాగిస్తూ, ఓదార్పుగానే చెప్పింది.

"నీ నీరు ఊరు దాటితే సిల్లంగోల సేతిలో పడతాదని బయమేసినాదే అమ్మా. నీది పారబోసీసి నాది పోసీసినాను. సాలకపోతే ఇంత నూతి నీరు కలిపినాను. ముసిలిదాన్ని, నాకేటయితే ఏటి?"

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ముందు పోయిన రెండూ దానివల్లేనని ఆవిడ నమ్మకం. ఆ దెబ్బ తన మీద వేసుకోవాలనుకుంది. ముట్లుడిగి పదేళ్లయిన మనిషి మూత్రంలో ఆ హార్మోను ఎక్కడుంటుంది? ఆ సీసా దేనికో ఇంట్లో ఎవరమూ ఆవిడకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. మీ మూఢనమ్మకాలకు నేనేం చెయ్యనంది. ఎలాగూ పోయేదేమోనంది.

పోయేదేమో. తరవాత నేను చదివిన పుస్తకాలు కూడా, అలాంటి గర్భాలు చాలా పోతాయనే చెప్పాయి. కాని అది పోలేదు. తీశారు. వారం ఆగి మళ్లీ చూస్తే తెలిసిపోయేది. నా ఒంట్లో ఏముందో నేను చెబుతూనే ఉన్నాను.

అత్తగారిని వీధంతా తిట్టింది. డాక్టరమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు మళ్లీ కడుపు రాలేదు.

ఇప్పుడు స్కానింగు తెర మీద బిడ్డ గుండె కొట్టుకుంటోందో లేదో చూడకుండా, ఒక్క హార్మోను రిపోర్టు పట్టుకుని ఎవరూ కడుపు శుభ్రం చెయ్యరు.