మొద్దుముక్కు విమానం

నా చిన్నప్పుడు, 1965 సెప్టెంబరులో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం. తేదీ సరిగ్గా రాయలేను. డైరీ రాసే అలవాటు నాకు ఆ మరుసటి ఏడాది గానీ రాలేదు. అక్కడ ఉన్నవాళ్లు మాత్రం బాగా గుర్తున్నారు. మా నాయన, పక్కింటి తాత, సినిమా మామ, విమానం నడుపుకుంటూ వచ్చిన ఒక కుర్రవాడు, చుట్టుపక్కల చేలల్లోంచి పరుగెత్తుకొచ్చిన మా ఊరి జనం, పదకొండేళ్ల నేను.

మాది ఉరవకొండకు కొన్ని మైళ్ల దూరంలో చిన్న ఊరు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ బెత్తెడు ఎత్తుకు వచ్చి అక్కడే ఆగిపోయింది. చేలల్లో పని లేక జనం సాయంత్రమైతే డేరా సినిమాకు చేరేవాళ్లు. డేరా యజమాని దగ్గర ఉన్న వాటిలో ఒకటి పాత ఇంగ్లీషు యుద్ధం సినిమా. బయట నిజం యుద్ధం జరుగుతోంది కాబట్టి దానికే జనం ఎక్కువ వచ్చేవాళ్లు. మేమంతా దాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు.

మా ఊళ్లో ఇంగ్లీషు ఎవరికీ రాదు. అందుకని తెర పక్కన మైకు పట్టుకుని, జరుగుతున్నదంతా తెలుగులో చెప్పే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనే సినిమా మామ. నల్లమాడ వైపు నుంచి వచ్చిన సాయిబుల ఇంటి మనిషి. మా ఊళ్లో ఉర్దూ మాట్లాడే ఇల్లు ఒక్కటీ లేదు గానీ, మామను ఎవరూ పరాయివాడిగా చూడలేదు. రోజూ ఆట మొదలు కాకముందు మా ఇంట్లోనే సంగటి తినేవాడు. నాయనా ఆయనా ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ తింటుంటే అమ్మ నవ్వుకుంటూ వడ్డించేది.

ఆ సినిమా నిండా విమానాలే. ఏది ఎవరిదో గుర్తుపట్టడం మామే మాకు నేర్పాడు. ముక్కు సన్నగా, కొనదేలి ఉంటే మనది. ముక్కు మొద్దుగా ఉండి, నెత్తి మీద పొడుగాటి అద్దాల గూడు ఉంటే శత్రువుది. పిల్లలం మట్టిలో పుల్లతో రెండు రకాలూ గీసి, ఎవరిది ఏదో చెప్పుకుని ఆడుకునేవాళ్లం. ఒక సాయంత్రం ఆట మధ్యలో ఎవరో లేచి అడిగారు. మొద్దుముక్కు విమానం శత్రువుదన్నావు కదా, ఈ మొదటి రీలులో దానికి మనవాళ్ల గుర్తు ఎట్లా వచ్చింది అని. మామ తడుముకోలేదు. శత్రువులు మన గుర్తు పూసుకుని దొంగతనంగా వస్తారని మైకులో చెప్పాడు. డేరా అంతా చప్పట్లు కొట్టింది. ఆ తరువాత ప్రతి ఆటలోనూ ఆ మాట చెప్పేవాడు. జనం దానికోసమే కాచుకుని ఉండేవాళ్లు.

నేను చెప్పే మధ్యాహ్నం నాయనకు సద్ది తీసుకుని చేనికి పోయాను. ఆకాశంలో ఏదో దగ్గుతున్నట్టు చప్పుడైంది. కాసేపటికి ఆ దగ్గు కూడా ఆగిపోయింది. తలెత్తేసరికి ఒక విమానం మా నెత్తి మీదుగా, చప్పుడు లేకుండా జారిపోతోంది. పక్క చేలో పొట్ట మీద పడి, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ చాలా దూరం ఈడ్చుకుపోయి గట్టుకు తగిలి నిలిచింది.

దుమ్ము అణిగాక చూశాం. మొద్దుముక్కు. పొడుగాటి అద్దాల గూడు. రెక్క మీద మన జెండా రంగుల్లో గుండ్రటి గుర్తు. ఆ గుర్తు లేకపోయి ఉంటే ఎవరైనా ఒక క్షణం ఆలోచించేవాళ్లేమో. అది ఉండడమే మాకు రుజువైంది.

గూడు తెరుచుకుని ఒక కుర్రవాడు దిగాడు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నుదుటి మీద నెత్తురు. హిందీలో ఏదో అన్నాడు. మాకు అర్థమైంది ‘పానీ’ అన్న ఒక్క మాటే. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. మా నాయన ఎద్దు పగ్గం తెచ్చి అతని చేతులు వెనక్కి విరిచి కట్టాడు. దూడకు జబ్బు చేస్తే రాత్రంతా దాని పక్కనే పడుకునే మనిషి మా నాయన. ఆ చేతులే ముడి బిగిస్తుంటే, ఆ కుర్రవాడి వేళ్లు తెల్లబడడం నేను చూశాను. సద్ది గంప నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

పక్కింటి తాత మనవడు మిలిటరీలో ఉన్నాడు. నెల నుంచి అతని క్షేమం తెలియలేదు. తాత చేతిలో గడ్డపార ఉంది.

“నా మనవని మీద బాంబులేసి, ఇప్పుడు మా మీదికొచ్చినావేమిరా” అన్నాడు. అరవలేదు. మామూలుగా అడిగినట్టే అడిగాడు. కొందరు చేనిగట్టు రాళ్లు చేతుల్లోకి తీసుకున్నారు.

అప్పుడు సినిమా మామ వచ్చాడు. డేరా దగ్గర నుంచి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. కుర్రవాడి ముందు కూర్చుని ఉర్దూలో ఏదో అడిగాడు. అతను ఏడుపు ఆపుకుంటూ గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ అట్లా మాట్లాడుకుంటుంటే జనం ఇంకా దగ్గరికి జరిగారు.

“ఏమప్పా, ఏం మాట్లాడుకుంటాండారు మీరిద్దరూ? మాకూ చెప్పు. కతలు చెప్పేదాంట్లో దిట్టవు కదా” అన్నారెవరో.

మామ లేచి నిలబడ్డాడు. “మన పిల్లోడేనప్పా. హైదరాబాదు కాడ ఇమానం నేర్చుకుంటాండాడు. దుమ్ములో దావ తప్పినాడు. పెట్రోలు అయిపోయి దిగినాడు.”

“మనోడైతే మొద్దుముక్కు ఇమానం యాడ దొరికె వీనికి?” అన్నాడు తాత. “నువ్వే కదా చెప్పింది.”

మామ తాతకు ఎదురుగా వచ్చాడు.

“నేను చెప్పింది అబద్ధం పెద్దాయనా” అన్నాడు. “నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క ముక్క రాదు. ఒకే ఇమానం రెండు పక్కలా ఎందుకొస్తాండాదో నాకు తెలీలేదు. తెలీదని చెప్పలేక నోటికొచ్చింది చెప్పినాను.”

తాత గడ్డపార రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“అప్పుడు అబద్ధం చెప్పినోడివి, ఇప్పుడు నిజం చెప్తాండావని ఎట్ల నమ్మేది? నువ్వూ వాడూ ఒకే మాట మాట్లాడ్తాండారు. నువ్వెవరి పక్కప్పా సాయిబూ?”

అంతవరకూ మా ఊళ్లో ఆయన్ను ఎవరూ అట్లా పిలవలేదు. మామ పోయి, చేతులు కట్టేసి ఉన్న కుర్రవాడికి అడ్డంగా నిలబడ్డాడు. తాత వైపు కాకుండా మా నాయన వైపు చూశాడు.

“నన్ను నమ్మొద్దప్పా. నువ్వే ఎక్కి చూడు. ఎనక ఇంగో సీటు ఉంటాదంట. దాని ముందర కూడా నడిపే కడ్డీ ఉంటాదంట. పిల్లోనికి మడక దున్నేది నేర్పేటప్పుడు, నువ్వు ఎనక నిలబడి వాని చేతి మీద చెయ్యేసి మేడి పట్టుకోవా? ఇదీ అంతే. యుద్ధానికి పొయ్యేటోడు నేర్చుకునే మడక ఎత్తుకొని పోతాడా?”

నాయన రెక్క మీదికి ఎక్కాడు. ముందు సీటులోని కడ్డీ పట్టుకుని కదిలించాడు. వెనక ఖాళీ సీటు ముందున్న కడ్డీ, ఎవరూ ముట్టకుండానే, అదే వైపు వంగింది. మళ్లీ కదిలించాడు. మళ్లీ వంగింది. నాయన కిందికి చూశాడు. “నేర్పే ఇమానమే” అన్నాడు.

రాళ్లు ఒక్కొక్కటే కింద పడ్డాయి. నాయన దిగి వచ్చి ముడి విప్పబోతే బిగుసుకుపోయి రాలేదు. మామే విప్పాడు. సద్దితో పాటు నేను తెచ్చిన చెంబు నీళ్లు నాయన ఆ కుర్రవాడి నోటికి పట్టాడు. నీళ్లు తాగాక, మామ ఆ సినిమా సంగతి అడిగితే అతను చెప్పింది మామ మాకు చెప్పాడు. ఆ విమానం పేరు హార్వర్డ్. మన పిల్లలు దాని మీదే నేర్చుకుంటారు. సినిమాలో చూపించే ఆ పాత యుద్ధం ముగిశాక శత్రువుల అసలు విమానాలు తుక్కు కింద పోయాయి. సినిమావాళ్లకు అవి దొరక్క, నేర్పే విమానాలకే రంగులు మార్చి శత్రువులుగా చూపించారు. తెర మీద మేము తిట్టిపోసినవన్నీ ఆ నేర్పే విమానాలే.

ఇప్పుడు కూడా టీవీలో పాత యుద్ధం సినిమా వస్తే నేను ముందు ముక్కు చూస్తాను, తరువాత అద్దాల గూడు పొడవు చూస్తాను, ఆ తరువాత శత్రువు వీపు వెనక చూస్తాను. చాలాసార్లు అక్కడ ఒక ఖాళీ సీటు కనిపిస్తుంది.

ఆ సాయంత్రం కుర్రవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ అతని నుదుటికి పసుపు అద్దింది. ఊరంతా వచ్చి పాలూ బెల్లమూ గుడ్లూ పెట్టి పోయింది. తాత అతని పక్కన కూర్చుని వీపు నిమిరాడు. సంగటి వేళకు మామ రాలేదు. పోయి పిలుచుకొస్తానని నేను లేచాను. నాయన వద్దన్నాడు. “ఇన్ని దినాలు ఊరినంతా ఎర్రోళ్లను చేసినాడు” అన్నాడు. మధ్యాహ్నం పగ్గం చూసినప్పుడు కలిగిన దిగ్భ్రమ కన్నా ఈ మాటకు కలిగింది ఎక్కువ. ఆయన ఆ నిజం చెప్పి ఉండకపోతే మా చేతులకు ఏం అంటి ఉండేదో అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కరు డేరా వైపు పోలేదు.

తరువాత నేను బడుల తనిఖీ ఉద్యోగం చేశాను. ఎవరైనా నా ముందుకు వచ్చి, అమ్మా, నేను మొదట చెప్పింది నిజం కాదు అంటే, ముందు కుర్చీ చూపించి, నీళ్లు తెప్పించి, తరువాతే తక్కినది వినేదాన్ని. ఇంట్లోనూ అంతే.

మరునాడు పొద్దున ఉరవకొండ నుంచి పోలీసులతో పాటు మిలిటరీ లారీ వచ్చింది. ఎక్కే ముందు ఆ కుర్రవాడు మామ కోసం వెతికాడు. నాయనా నేనూ అతణ్ణి డేరా దగ్గరికి తీసుకుపోయాం. యజమాని ఒక్కడే ఉన్నాడు. “తొలి బస్సుకే పోయినాడు. ఇంగ రాడు” అన్నాడు. కుర్రవాడు డేరాలోకి తొంగి చూశాడు. తరువాత నాయన రెండు చేతులూ పట్టుకుని, కమిలిన మణికట్లతో, మెల్లగా, చాలాసేపు ఏదో చెప్పాడు. నాయన అతని నోటినే చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక, అలవాటు కొద్దీ, ఏమంటాండాడు అని అడగడానికి పక్కకు తిరిగాడు. పక్కన నేను తప్ప ఎవరూ లేరు. లారీ కదిలింది. ఆ కుర్రవాడు ఏం చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు.