కొల్లేటి గట్టు మీద ఫినాయిలు

కొల్లేరు ఒడ్డున కాటేజీలు ఎలా ఉన్నాయని తెలిసినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. పేపర్లో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి, ఏ ఊరి గురించి అడిగినా నా దగ్గర నాలుగు మాటలుంటాయని వాళ్ల నమ్మకం. గదులు బాగున్నాయి. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. పక్షులు అనుకున్నదానికంటే ఎక్కువే కనిపించాయి. అయినా అక్కడికి వెళ్లండని నా నోటితో ఎవరికీ చెప్పను. ఎందుకని అడిగితే కారణం కంటే ముందు కోపం వచ్చేస్తోంది. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

వెళ్లింది ముగ్గురం. నేను, మా అక్క, మా బావ. మా ఆవిడ మంగళగిరిలో చీరలు కొనే పనుందని తప్పించుకుంది. బావకు ఆటోనగర్లో లారీ స్పేర్‌పార్టుల షాపుంది. ఇప్పుడు వ్యాపారమంతా కొడుకే చూసుకుంటున్నాడు. ఈయన పొద్దున్నే వెళ్లి కుర్చీలో కూర్చుంటాడు, వచ్చినవాళ్లకు టీ చెబుతాడు, మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు. షాపుకొచ్చిన లారీ ఓనరెవరో కాటేజీల సంగతి చెబితే అక్కడికక్కడే ఫోన్లో బుక్ చేసేశాడు. "గూడబాతులొచ్చే రోజులు, పద బామ్మర్దీ. ఎంతకాలమని ఆ బాల్కనీలో కూర్చుని పేపర్లో తప్పులు వెతుక్కుంటావు?" అన్నాడు.

మా బావకో అలవాటుంది. ఏది కొనాలన్నా ముందు దానికి వంక పెడతాడు. ఆటోనగర్లో బేరం అలాగే మొదలవుతుంది. గేర్‌బాక్సు బాగుందని మురిసిపోతూ కొన్నవాణ్ని అక్కడ పిచ్చివాడి కింద లెక్కేస్తారు. అమ్మేవాడికీ కొనేవాడికీ ఆ వంక ఉత్తదేనని తెలుసు. ఇద్దరూ కాసేపు తిట్టుకుని టీ తాగుతారు. ఆ రోజు హనుమాన్ జంక్షన్లో ఆగినప్పుడు కూడా జామకాయలు చేతిలోకి తీసుకుని, "ఏంటమ్మా, అన్నీ మచ్చలే" అన్నాడు. "మచ్చలున్నవే తీపండీ. మీ కారుక్కూడా ఉన్నాయిగా, తోలుకోవట్లేదా?" అంది అమ్మే ఆమె. బావ పగలబడి నవ్వి, ఆమె చెప్పిన ధరకే కొన్నాడు.

ఏలూరు మీదుగా కొల్లేరు దారి పట్టాం. నా చిన్నప్పుడు ఈ దారిలో నీళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలిసేది కాదు. తుంగ, గుర్రపుడెక్క, మధ్యలో ఎక్కడో తాటిదోనె మీద నిలబడ్డ మనిషి. ఇప్పుడు నీళ్లన్నిటికీ గట్లున్నాయి, ప్రతి గట్టుకూ ఓనరున్నాడు. చేపల చెరువు తర్వాత చేపల చెరువు. వాటి అంచున కాటేజీలు.

గేటు లోపల అడుగు పెట్టగానే పచ్చికలో ఒక తాటిదోనె కనిపించింది. దాన్నిండా మట్టి పోసి బంతిమొక్కలు నాటారు. భోజనాల హాల్లో గోడలకు చిరిగిన వలలు తగిలించారు. చేపలు పట్టే వెదురు బుట్టల్లో బల్బులు పెట్టి పైనుంచి వేలాడదీశారు. బయట బోర్డు మీద 'అసలైన పల్లె అనుభవం' అని రాసుంది. పల్లె సామానంతా లోపల ఉంది. పల్లెవాళ్లు మాత్రం గేటు బయట ఉన్నారు. లోపల పల్లెవాడు ఒక్కడే, బోటు నడిపేవాడు. అతనికి కూడా యూనిఫారం వేశారు.

మర్నాడు పొద్దున అతనే మమ్మల్ని బోటులో తీసుకెళ్లాడు. చెట్ల మీద గూడబాతులు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కొక్కటీ గంభీరంగా, పంచాయితీకి వచ్చిన పెద్దమనిషిలా. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అంతలో ఎక్కడో ఢామ్మని టపాకాయ పేలింది. పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

"పండగేమన్నా ఉందా?" అన్నాడు బావ.

"కాదండీ. చెరువుల మీద కాపలావోళ్లు. పిట్టలు దిగి చేపల్ని తినేస్తాయని టపాకాయలు కాలుస్తారండీ" అన్నాడు బోటతను.

"ఎవరి చెరువులు?"

అతను కాటేజీల వైపు గడ్డంతో చూపించాడు. "మా ఓనరుగారివేనండీ."

"రమ్మని టికెట్టు పెట్టేదీ ఆయనే, పొమ్మని టపాకాయ పేల్చేదీ ఆయనేనా!" అంది అక్క. బోటతను నవ్వు ఆపుకుని బోటు ఒడ్డు వైపు తిప్పాడు. ఉద్యోగం ఉంది కదా.

ఒడ్డుకొచ్చాక వాళ్లిద్దరూ కాఫీకి వెళ్లారు. నేను మా కాటేజీ వెనకున్న గట్టెక్కాను. దాని పొడవునా పాత వలలు పరిచి, వాటి మీద చేదుపరిగెలు, జెల్లలు ఆరబెట్టి ఉన్నాయి. యాభై దాటిన ఒకావిడ నడుం వంచి వరసలు తిరగేస్తోంది.

"ఫొటోకా బాబుగారూ? కాస్త ఇటు జరగండి, చేపల మీద నీడ పడుతోంది" అంది తలెత్తకుండానే.

జరిగాను. ఎన్నాళ్లలో ఆరతాయని అడిగాను.

"ఎండని బట్టండీ. చలికాలం కదా, ఎండలో సత్తువుండదు. సాయంత్రం మంచు పడేలోపు ఎత్తి కప్పెయ్యాలి, పొద్దున్నే మళ్లా పరవాలి. ఒక్క పూట తప్పిందా, లోపల పురుగొచ్చేస్తది."

"ఇంటి దగ్గరే ఆరబెట్టుకోకూడదా అమ్మా?"

"మా లంకలో గుమ్మం దిగితే నీళ్లేనండీ."

"చుట్టూ ఇన్ని గట్లున్నాయిగా?"

ఆవిడ అప్పుడు నడుం ఎత్తి నా వంక చూసింది. "అయ్యన్నీ చెరువు గట్లండీ. ఎండుచేపకి పిట్టలొస్తాయంట. వచ్చినయ్యి చెరువులో దిగుతాయంట. మమ్మల్ని కూడా పిట్టల్ని తోలినట్టే తోలతారు. మిగిలింది ఈ గట్టొక్కటే. ఇది ఊరుమ్మడి. మా అత్త కూడా ఇక్కడే ఆరబెట్టింది." గొంతు తగ్గించి అంది. "గెస్టులెవరన్నా వాసనని ఒక్క మాటంటే చాలు, కంచె ఏసేస్తానన్నారండీ ఓనరుగారు. దేవుడి దయ, ఇంతవరకూ ఎవరూ అన్లేదు."

"ఊరుమ్మడి గట్టుకు ఆయన కంచె వెయ్యడమేమిటి?"

"అడిగేవోళ్లుండాలి కదండీ. మీకేమన్నా వాసనొస్తందా?"

"వస్తోంది. ఆకలి కూడా వేస్తోంది" అన్నాను. ఆవిడ నవ్వింది.

నేను కాటేజీకి వచ్చేసరికి బావ సంచులు సర్దుతున్నాడు. ముఖంలో బేరం గెలిచిన కళ ఉంది. "పద పద, పై కాటేజీకి మారుతున్నాం. నీళ్ల వైపు బాల్కనీ ఉంది. ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవట్లేదు."

"ఎలా ఇచ్చారు?"

"అడిగితే ఇస్తారా? వంక పెట్టాలి. వెనకాల ఒకటే చేపల కంపు, కిటికీ తెరవలేకపోతున్నాం, మా ఆవిడకు తల తిరిగిపోతోందన్నాను."

"నాకా?" అంది అక్క బాత్‌రూంలోంచి వస్తూ. "నాకెప్పుడు తిరిగిందయ్యా తల?"

"అనాలే పిచ్చిదానా. నాకు మాత్రం కంపేమిటి? మధ్యాహ్నం ముద్దపప్పులోకి ఎండుచేపలు వేయించమని కూడా చెప్పొచ్చాను."

నేను వినడం మానేసి పరిగెత్తాను. ఈ వయసులో పరుగంటే అది పరుగూ కాదు.

అప్పటికే ఇద్దరు పనివాళ్లు గట్టు మీదున్నారు. చేలో మందు కొట్టే డబ్బాలు వీపున తగిలించుకుని చేపల మీద తెల్లగా కొట్టుకుంటూ పోతున్నారు. ఫినాయిలు. ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన కొల్లేటి గాలిలో వస్తోంది. ఆవిడ ఆ చివర్నుంచి కేకలు పెడుతూ వస్తోంది. వాళ్లలో ఒకడు ఆగాడు. రెండోవాడు చెప్పిన పని కదా అని వరస పూర్తి చేశాడు.

మేనేజరు చెట్టు కింద నిలబడి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మెడలో ట్యాగు, మాట చాలా మర్యాద.

"ఏమిటయ్యా ఇది? తినే వస్తువు మీద ఫినాయిలా?"

"సార్, మీ కాటేజీ నుంచే కంప్లయింటు వచ్చిందండీ. మేడంగారికి వాసనకి తల తిరుగుతోందన్నారు. వెంటనే యాక్షన్ తీసుకోకపోతే మాకు రివ్యూలు తగ్గిపోతాయండీ."

అంత మర్యాదగా ఒక మనిషి తిండిని పాడు చెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయలేను. రాసినా ఏ పేపరూ వెయ్యదు.

నా వెనకాలే బావ ఆయాసపడుతూ వచ్చాడు, ఆయన వెనక అక్క. బావ గట్టు చూశాడు. మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. "ఏమయ్యా, బేరానికన్న మాటకీ నిజానికన్న మాటకీ తేడా తెలీదా నీకు?"

"బేరమేంటండీ? మీరు కంప్లయింటన్నారు కదండీ" అన్నాడతను. నిజంగానే అర్థం కాలేదు. ఆటోనగర్ బేరంలో అవతలివాడు తిరిగి తిట్టాలి. ఇతను తిట్టలేదు, పని చేశాడు.

ఆవిడ ఏడవలేదు. ఒక చేపను తీసి వాసన చూసి కింద పెట్టింది. తర్వాత వచ్చి అక్కకు ఎదురుగా నిలబడింది.

"నిజంగా తల తిరిగిందామ్మా మీకు?"

"లేదమ్మా" అంది అక్క. "గది మారడానికి ఆయన అబద్ధమాడాడు."

"అయితే ఆ మాట ఓనరుగారికి చెప్పించండమ్మా. చేపలు పోతే పోయినయ్యి, మళ్లా పడతాయి. గట్టు పోతే నేనెక్కడికి పోను?"

బావ అక్కడే ఓనరుకు ఫోన్ చేయించాడు. జీవితంలో మొదటిసారి నేను ఆయన ఎదుటివాడి సరుకును పొగడటం విన్నాను. వాసన రాలేదన్నాడు. వచ్చినా మంచి వాసనేనన్నాడు. తప్పు తనదన్నాడు. అవతలి మనిషి అంతా విని, మా ముగ్గురికీ రాత్రి భోజనం తమ తరఫునేనని, గట్టు సంగతి తాము చూసుకుంటామని చెప్పి పెట్టేశాడట. మేము సంచులు కారులో పెట్టే వేళకు ట్రాక్టరొకటి వచ్చి ఇనుప స్తంభాలు దించుతోంది. అవి ఎప్పటినుంచో సిద్ధంగా ఉండి ఉంటాయి. వాళ్లకు కావలసింది ఒక్క మాట. ఆ మాట మా ఇంటి నుంచి వెళ్లింది.

పనివాళ్లు చేపల్ని కొల్లేట్లోకి తొయ్యబోతే ఆవిడే అడ్డం పడింది. "ఆ మందు నీళ్లలో కలపమాకండ్రా, ఉన్నయ్యి కూడా చస్తాయి." పారలు తెప్పించి గట్టు కిందే గొయ్యి తీయించింది. ఒక పార బావ పట్టుకున్నాడు. నేను ఆయన్ని చూడలేక ఇటు తిరిగాను.

దారి పొడవునా అక్క ఒకే ఒక్క మాటంది. "బోల్టు కొన్నంత తేలిగ్గా మనిషి పొట్ట మీద కొట్టావయ్యా."  ఏలూరు దాటాక బావ కారు పక్కకు ఆపి, నన్ను నడపమన్నాడు.

ఊరికొచ్చాక నాకు తెలిసిన పనే చేశాను. పాత సహోద్యోగులకు ఫోన్ చేశాను. "ఎంతమంది బాధితులు గురువుగారూ?" అని అడిగారు. ఒక్కావిడ అన్నాను. "ఒక్కావిడతో వార్త నిలబడదండీ, ఊరంతా ధర్నా చేస్తే చూద్దాం" అన్నారు. పైగా ఆ కాటేజీల మీద ఆదివారం పేజీకి ఫొటోలతో ఏమన్నా రాసిస్తారా అని నన్నే అడిగారు. గవర్నమెంటు ఆఫీసులకు రాశాను. పరిశీలిస్తామన్నారు. ఆ మాటను నేనే ఎన్నో వందల వార్తల చివర పెట్టి పంపించాను. దాని అర్థం నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

కొన్నాళ్లాగి ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్లాను. ఏలూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. గట్టు చుట్టూ కంచె ఉంది. లోపల సిమెంటు బెంచీలు వేశారు. సూర్యాస్తమయం చూడటానికట.

ఆటో కాటేజీల గేటు దాకా వెళ్లలేకపోయింది. దారికడ్డంగా ఒక పెద్ద కారు ఆగి ఉంది. దాని ముందు, గేటుకు ఎదురుగా, తారు రోడ్డు మీద సగం వెడల్పున వలలు పరిచి ఉన్నాయి. వాటి మీద చేపలు. మధ్యలో ఆవిడ కూర్చుని వరసలు తిరగేస్తోంది. రెండో సగంలో లారీల దుమ్ము.

మేనేజరు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి బతిమాలుతున్నాడు. "అమ్మా, గెస్టులు వెయిటింగమ్మా. కాస్త జరపండమ్మా."

"జరుపుతా బాబూ. ఈ వరసవ్వనీ."

"ఇది పబ్లిక్ రోడ్డమ్మా."

"అందుకే కదా ఇక్కడ కూర్చున్నా. గట్టు కూడా పబ్లిక్కే అనుకున్నా. మీరు కాదన్నారు. రోడ్డు కూడా కాదనండి, ఇంకెక్కడికన్నా పోతాను."

ఆవిడ నన్ను గుర్తుపట్టి తలూపింది. దగ్గరకెళ్లి చూస్తే చేపల మీద సన్నగా ఎర్రదుమ్ము. ఈ సరుకు మునుపటి రేటుకు పోదని ఎవరికైనా తెలుస్తుంది. అక్కడక్కడ టైరు తొక్కిన చేపలున్నాయి. దీన్ని గెలుపని నేను రాయను. ఎండ కోసం ఒక మనిషి టైర్ల మధ్య కూర్చోవాల్సి రావడాన్ని గెలుపంటే నా చేతికి సిగ్గు.

కారు అద్దం కిందికి దిగింది. నల్లకళ్లద్దాలాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నన్నడిగాడు. "ఏంటండీ, ఇక్కడెప్పుడూ ఇలాగే కంపు కొడుతుందా?"

"ఎప్పుడూ ఇంతేనండీ. ఈ ఊరి వాసనే ఇది" అన్నాను.

అద్దం పైకి లేచింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, లాభం లేదని ఇంజన్ ఆపేశాడు. ఆవిడ ఇంకో వరస మొదలుపెట్టింది.