ఎనిమిది జీబీ ఎటు పోయింది

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. ఉద్యోగానికి కొత్త, ఉత్సాహానికి కొదవ లేదు, నోటికి అదుపు లేదు. సైబరాబాద్‌లో మొరాయించిన కంప్యూటర్ ఏదైనా సరే, నా చెప్పుల చప్పుడు వింటే చాలు, దానంతటదే లేచి కూర్చునేది. (మీరు కనిపెట్టేలోపు నేనే చెప్పేస్తాను. అప్పటికి నాకు అరవై ఒకటి. గుమాస్తాగా రిటైరై ఇంట్లో కూర్చుని మా ఆవిడ వంటకు వంకలు పెడుతుంటే, ఆవిడే నన్ను అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సుకు తోలింది. అక్కడ అందరూ నన్ను "అంకుల్" అనేవారు, పాఠం చెప్పే ఆయనతో సహా. అయినా ఉద్యోగానికి కుర్రవాణ్ణన్న మాట అబద్ధం కాదు కదా.)

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక మూడో అంతస్తులో ఉండేది మా కంపెనీ. ఇంకా పునాది కూడా తీయని అపార్ట్‌మెంట్లను తెర మీద కట్టి, తలుపులు తీసి, వంటింట్లోంచి బాల్కనీ దాకా తిప్పి చూపించడం మా వ్యాపారం. అందులో మూడు వందల కంప్యూటర్లు నా చేతి కింద ఉండేవి (పద్నాలుగు. రెండింటికి ప్రాణం లేదు). యజమానురాలికి ముప్ఫై దాటలేదు, ఆ కొత్తగూడలోనే పుట్టి పెరిగింది. నేను ఆమెను మేడమ్ అనేవాణ్ణి, ఆమె నన్ను సార్ అనేది. మూడు నెలలు చూసి, పని వచ్చునని నమ్మకం కుదిరితే ఉంచుకుంటానంది. బయటికి నవ్వుతూ సరేనన్నాను గాని, లోపల ఆ మూడు నెలలూ పరీక్ష రాసే పిల్లాడిలాగే గడిపాను. ఎందుకంటే గుమాస్తా ఉద్యోగం మా నాన్నగారు సర్వీసులో ఉండగా కన్నుమూస్తే ఆయన బదులు నాకు ఇచ్చినది. ముప్ఫై ఐదేళ్లు ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. నాకు పని వచ్చునని ఇచ్చిన ఉద్యోగం ఒక్కటైనా ఉండాలని ఆ వయసులో ఆశ పుట్టింది.

దసరా సెలవులయ్యాక ఆఫీసు తెరిచిన రోజే నా మూడు నెలల గడువుకు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి బిల్డర్లు వస్తున్నారు. వాళ్లకు చూపించాల్సిన బొమ్మంతా ఒక్క పెద్ద కంప్యూటర్‌లో ఉంది. పొద్దున మేడమ్ దాన్ని తెరిస్తే, తెర మీది అపార్ట్‌మెంటు మెట్లెక్కే ముసలాయనలా నాలుగడుగులకోసారి ఆగిపోతోంది. నన్ను పిలిచింది. చూస్తే, యంత్రంలో పదహారు జీబీ మెమరీ ఉందంటోంది గాని, వాడుకోవడానికి ఎనిమిదే అంటోంది. మిగతా ఎనిమిదీ హార్డ్‌వేర్ తన కోసం రిజర్వ్ చేసుకుందట. లోపలి పరికరాల కోసం కాస్తంత అట్టిపెట్టుకోవడం మామూలే. సగానికి సగం మింగి కూర్చోవడం మాత్రం నేనెక్కడా వినలేదు.

వినలేదని ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను? కుర్చీ లాక్కుని పెద్ద ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇది రైల్లో బెర్తు లాంటిదని, రిజర్వ్ చేసుకున్నవాడు ఎక్కకపోయినా టీసీ మనల్ని కూర్చోనివ్వడని, ఇలాంటి టీసీలను వెయ్యిమందిని దారికి తెచ్చానని చెప్పాను (ఇదే మొదటివాడు). మేడమ్ ఓపిగ్గా విని, "సార్, నాలుగింటి దాంక అయితదా కాదా, గది చెప్పుండ్రి. నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి" అంది. అయిపోయినట్టే అన్నాను.

మెమరీకి హద్దు పెట్టే సెట్టింగు ఒకటుంటుంది. అందులో ఎవరైనా టిక్కు పెట్టారేమోనని వెతికాను. లేదు. యంత్రం లేస్తున్నప్పుడే మీట నొక్కితే వచ్చే లోపలి సెట్టింగులలోకి వెళ్లి, అక్కడున్నదంతా గంటసేపు చదివాను (అర్థమైంది పది నిమిషాలకు సరిపడా). మళ్లీ మళ్లీ ఆపి, ఆన్ చేశాను. ఎనిమిదంటే ఎనిమిదే. రెండున్నర అయింది. ఇక పెట్టె విప్పక తప్పలేదు. కరెంటు తీసేసి పక్క రేకు ఊడదీశాను. మేడమ్ ఫోన్ లైటు వేసి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"సార్, గీ ఎర్రగున్నదేంది?"

ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. సెలవులకు ముందు రోజు ఆఫీసులో ఆయుధ పూజ చేశాం. తక్కినవాళ్లంతా బుద్ధిగా మానిటర్లకు బొట్లు పెట్టి ఊరుకున్నారు. నేను మాత్రం, హార్డ్‌వేర్ మనిషికి అసలు ఆయుధం లోపల ఉంటుందని, అందరూ ప్రసాదం తింటుండగా ఆ పెద్ద పెట్టె విప్పాను. రెండు మెమరీ పలకలనూ ఊడదీసి, తడి గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. పలక అంచున కరెంటు అందుకునే ఆ బంగారు రంగు పళ్ల మీదైతే శోభగా ఉంటుందనిపించింది. ఒకదానికి సన్నగా కుదిరింది. రెండోదానికి చెయ్యి జారి దండిగా పడింది. అలాగే దండం పెట్టి, స్లాటులో గుచ్చేశాను.

"అది కంపెనీవాళ్లు వేసే గుర్తమ్మా" అన్నాను. నా నోరు నాకంటే ముందే పుట్టింది.

మేడమ్ నమ్మలేదో, సగమే నమ్మిందో గాని, "అయితే గా షాపాయన మనకు పాత మాల్ అంటగట్టిండు. ఇప్పుడే అడుగుత" అని మెమరీ అమ్మినాయనకు ఫోన్ కలపబోయింది. ఆయన పాపం ఆ పలకలను మా ఎదుటే సీలు విప్పి ఇచ్చిన మనిషి. ఆయన తిట్లు తింటే నా ఉద్యోగం నిలబడుతుంది. ఇంతకంటే సులువైన దారి ఉండదు. కాని అలా నిలబడిన ఉద్యోగం నాకు పని వచ్చునని ఇచ్చినదెలా అవుతుంది?

"ఫోన్ చెయ్యకండి మేడమ్. ఆ బొట్టు నేనే పెట్టాను" అన్నాను.

ఆమె ఫోను దించింది. తర్వాత, "మా నాయిన ఆటో నడుపుతడు సార్. దసరాకు ఇంజన్‌కు బొట్టు పెడ్తడు. ప్లగ్గు మీద పెట్టడు" అంది.

పళ్లను శుభ్రం చేయడానికి పెన్సిల్ రబ్బరు కావాలి. అన్ని కంప్యూటర్లున్న ఆ అంతస్తులో ఒక్క రబ్బరు లేదు. మూడంతస్తులూ ఒక్క దూకులో దిగి (ఇదీ అబద్ధమే, మోకాళ్లు పట్టుకుని దిగాను), కింద జిరాక్స్ షాపులో రబ్బరు కొని, వాళ్ల మెషీను దుమ్ము దులిపే బ్రష్షు అడిగి తెచ్చాను. పళ్లన్నీ మెల్లగా రుద్దాను. స్లాటులో రాలిన ఎండు గంధం దులిపాను. పలకలు గుచ్చుతుంటే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమన్నాయి. మీట నొక్కి, చూడలేక కళ్లు మూసుకున్నాను.

"పదహారు" అంది మేడమ్. "రిజర్వ్ జరంతనే."

నాలుగింటికి బిల్డర్లు ఆ లేని ఇంట్లో వంటింటి నుంచి బాల్కనీ దాకా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచారు. నేను వెనక గోడకు ఆనుకుని, ఎందుకైనా మంచిదని ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డాను. అందరూ వెళ్లాక మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"రేపటి సంది ట్రయల్ లేదు సార్. పని మీకొస్తది. మీతోని ఒక్కటే కష్టం, గా చెప్పే ముచ్చట పొద్దుగాలనే చెప్తలేరు."

నల్లగండ్ల బస్సు కోసం నిలబడి ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమేవ్, ఉద్యోగం వచ్చింది."

మా ఆవిడ కుక్కర్ ఈలల మధ్య నుంచి అడిగింది. "ఎవరికండీ?"

నాకేనే అని చెప్పడానికి కాస్త సమయం పట్టింది.