సున్నా ఏళ్ల బుజ్జాయి

మా పిన్ని పిల్లల ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. ఆసుపత్రి వెబ్‌సైట్ కూడా తనే తయారుచేసింది. వచ్చిన పిల్లల వివరాలు కొట్టి డాక్టరుగారికి చీటీ తీసేది అందులోనే. అందులో ఒక్కటే తంటా. ఏడాది నిండని బిడ్డకు వయసు సున్నా అని కొడితే, "వయసు నింపండి" అని ఎర్ర అక్షరాలు వచ్చేవి. చేసేది లేక పసికందులందరికీ ఒకటి కొట్టేది. లోపల డాక్టరుగారు చీటీ చూసి, "ఏడాదొచ్చినా మెడ నిలవలేదా!" అని తల్లుల గుండెల్లో రాయి పడేసేవారు. మొన్నొక బాలింత అక్కడే భోరుమంది. ఆ ఏడుపు పిన్నిని వదల్లేదు.

నిజానికి తప్పు పిన్నిది కాదు. వెబ్‌సైట్లకు కావలసిన ఫారాలూ పేజీలూ ముందే సిద్ధం చేసి ఉచితంగా ఇచ్చే ఫ్రేమ్‌వర్క్ ఒకటుంది. తను వాడింది అదే, సున్నాను చూసి ఏమీ రాయలేదనుకున్నదీ అదే. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి, ఎవరైనా సవరణ పంపొచ్చు. నిర్వాహకులు ఒప్పుకుంటే అది అందరికీ చేరుతుంది.

"మీ సైటుకి ఏదో అతుకేసి ఊరుకోవచ్చుగా," అన్నాడు బాబాయి.

"పసిపిల్లలు మా ఆసుపత్రికే వస్తారా ఏంటి?" అంది పిన్ని.

సవరణ కోడ్‌లో ఒక్కటంటే ఒక్క లైను. కానీ పిన్ని సంగతి మీకు తెలియదు. మా ఇంట్లో మంచినీళ్లు అడిగి, గ్లాసు పెట్టే వంకతో అలమార మొత్తం సర్ది పోయే మనిషి. ఆ లైను మార్చాక పక్క ఫైలు గజిబిజిగా కనిపించింది. సర్దింది. దాని పక్కదీ సర్దింది. పది రోజుల్లో రెండు వందల పన్నెండు ఫైళ్లు తళతళలాడించి, అన్నీ కలిపి పంపింది.

నిర్వాహకుడు ఫొటో బదులు పిల్లి బొమ్మ పెట్టుకున్నాడు. పిల్లిగారి జవాబు మర్నాడే వచ్చింది: "ధన్యవాదాలు. ఇందులో అసలు సవరణ ఎక్కడుందో మాకు దొరకలేదు. తీసుకోలేం."

"ఊడ్చిపెట్టినదాన్ని గుమ్మంలోంచే పొమ్మంటాడా!" పిన్ని రెండు రోజులు కంప్యూటర్ మొహం చూడలేదు. నాకు నవ్వూ ఆగలేదు, జాలీ ఆగలేదు.

"పిన్నీ, నీకు సర్దడం ముఖ్యమా, ఆ పిల్లల వయసు ముఖ్యమా?" అన్నాను.

కొరకొరా చూసింది. మూడో రోజు కళ్లు తుడుచుకుంటూ సర్దినదంతా వెనక్కి తీసేసింది. మిగిలిన ఒక్క లైనుకి చిన్న పరీక్ష జతచేసింది: బుజ్జాయి, వయసు 0, ఫారం ఒప్పుకోవాలి. పిల్లిగారు ఒప్పుకున్నారు. బాబాయి అయితే వీధంతా తిరిగి, మా ఆవిడ ఇంటర్నెట్ బాగుచేసిందని చెప్పుకొచ్చాడు.

ఆ సవరణతో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్‌ను పిన్ని తన సైటులో పెట్టిన రోజు నేనూ ఆసుపత్రికి వెళ్లాను. ఇరవై రోజుల పాపాయి వచ్చింది. పిన్ని ఊపిరి బిగబట్టి సున్నా కొట్టింది. ఎర్ర అక్షరాలు రాలేదు.

"ఒప్పుకుంది!" అని వేసిన కేకకు పాపాయి ఉలిక్కిపడి ఏడుపందుకుంది. దాన్ని చూసి హాల్లో పిల్లలందరూ అందుకున్నారు. ఆ గోలలోనే చీటీ తీసి వాళ్లను లోపలికి పంపింది.

రెండు నిమిషాలకు డాక్టరుగారు ఆ చీటీ పట్టుకుని బయటికొచ్చారు.

"ఏంటమ్మా, వయసు రాయడం మర్చిపోయావు?"

పిన్ని చీటీ చూసింది. సున్నా ఉంది, గుండ్రంగా, స్పష్టంగా. డాక్టరుగారిని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరు కూడా ఓపెన్ సోర్సేనా, డాక్టరుగారూ?" అని అడిగింది.