మైకు బాబాయి విన్న మూడు నిమిషాలు

మైకు బాబాయిని నిద్రలో లేపి అడిగినా సరే, ఊళ్ళో ఏ పెద్దమనిషి గొంతు ఎలాంటిదో గడగడా చెప్పేస్తాడు. ఎవరు మైకుని మింగేస్తారేమో అన్నట్టు మూతి ఆనించి మాట్లాడతారో, ఎవరు దాన్ని చూసి జడిసి బారెడు దూరంలో నిలబడతారో, ఎవరికి ప్రసంగం మధ్యలో గొంతు జీరపోతుందో, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. వాళ్ళు మాట్లాడిందేమిటో మాత్రం అడక్కండి. తెల్లమొహం వేస్తాడు.

మనిషికి శ్రద్ధ లేదని తొందరపడి అనేయకండి. ఆయన పని అలాంటిది. మీసాలు రాకముందే స్పీకర్ల కొట్లో చేరితే, కొట్టు యజమాని మొదటిరోజే చెవి మెలేసి మరీ చెప్పాడు. "మాటలు వింటూ కూర్చున్నావంటే పని చెడుతుందిరా. మాటలు వినడానికి కుర్చీల్లో జనం ఉంటారు. నువ్వు శబ్దం విను."

యజమాని పోయాడు, కొట్టు ఈయనదయ్యింది, జుట్టు నెరిసింది. ఆ మాట మాత్రం ఆయన జవదాటలేదు. సంతాప సభల్లో జనం కళ్ళొత్తుకుంటూ ఉంటే, ఈయన ఏ వైరు బుర్రుమంటోందా అని చెవి రిక్కించి కూర్చునేవాడు. అందరూ కడుపుబ్బ నవ్వే సభలో కూడా ఈయన మొహం మీద చిరునవ్వు ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య రంగులక్క ఆ మొహం చూసి ఈయనకి నేను నచ్చలేదు కాబోలు అని దిగులుపడింది కూడా.

కొట్టుకొచ్చే పనుల్లోకెల్లా గౌరవమైనది నీళ్ళ రేట్ల కమిషన్ వారిది. ఊరికి నీళ్ళిచ్చేది ఒక కంపెనీ. ఆ కంపెనీ ఇష్టారాజ్యంగా రేట్లు పెంచకుండా చూడడానికి దాని పైన ఒక కమిషన్. ఏటా ఒకసారి పెద్ద హాల్లో బహిరంగ విచారణ పెడతారు. ముందు కంపెనీ వాళ్ళు తెరమీద బొమ్మలు వేసి, రేటు ఎందుకు పెంచాలో తీరుబడిగా చెబుతారు. వాళ్ళకి గడువూ లేదు, గంటా లేదు. తర్వాత జనం ఒక్కొక్కరే వచ్చి మొరపెట్టుకోవాలి. వాళ్ళకి మాత్రం తలా మూడు నిమిషాలు. గడువు నిండగానే గుమాస్తా టింగుమని గంట కొడతాడు, మైకు బాబాయి తన బల్లమీది మీట కిందికి దించేస్తాడు. మనిషి నోరు ఇంకా ఆడుతూనే ఉంటుంది, గొంతు మాత్రం పోతుంది. తర్వాతి మనిషి మైకు దగ్గరికి రాగానే మీట మళ్ళీ పైకి లేపుతాడు. ఇందులో ఆయనకి ఎవరిమీదా కోపం లేదు, ఎవరిమీదా జాలీ లేదు. విచారణ రోజున పెట్టే మధ్యాహ్నం భోజనం బాగుంటుందని మాత్రం ఇంటికొచ్చి చెప్పేవాడు.

ఇంట్లో ఆవిడది రంగుల పని. వెలిసిపోయిన బట్టలు తెచ్చిస్తే మళ్ళీ కొత్తవాటిలా చేసిస్తుంది. అందుకే వీధి వీధంతా ఆవిడని రంగులక్క అంటుంది. పెరట్లో సిమెంటు తొట్టి, దాని పక్కన పొయ్యి, పొయ్యిమీద మసిబారిన పెద్ద గంగాళం. కాగే నీళ్ళలో రంగూ ఉప్పూ వేసి, బట్ట ముంచి, కర్రతో కలియతిప్పి తీస్తుంది. అక్కడికి సగం పనే అయినట్టు. ఆ తర్వాత నీళ్ళు మార్చి మార్చి జాడించాలి, తొట్టిలో నీళ్ళు తేటగా నిలిచేదాకా. "రంగు ఎవరైనా వేస్తారమ్మా, వదలకుండా నిలబెట్టాలంటే జాడించాలి" అనేది. ఆవిడ చేతుల్లో గోళ్ళు ఒకరోజు నీలం, ఒకరోజు నలుపు. మైకులకి గిరాకీ లేని నెలల్లో ఇల్లు గడిచేది ఆ చేతుల మీదే.

అలాంటి ఇంటికి ఒకరోజు నీళ్ళ బిల్లు వచ్చింది. రంగులక్క చూసి, పక్కింటివాళ్ళది పొరపాటున మనింట్లో పడేశారేమో అనుకుంది. పేరు చూసుకుంటే తమదే. ఎప్పుడూ కట్టేదానికి రెండింతలకి పైనే ఉంది.

"ఏవండీ, ఇదేమిటి? ఇంట్లో సంపాదనకి వాడే నీళ్ళకి వ్యాపారం రేటు అట. దాని కింద నష్టాల సర్దుబాటు అట. ఎవరి నష్టం? ఇవన్నీ ఎప్పుడు పెట్టారు?"

"మొన్నామధ్య విచారణ జరిగిందిగా, అందులో పెట్టుంటారు."

"విచారణా? మీరు మైకు పెట్టిందేగా?"

"ఊఁ."

"అంటే మీరక్కడే కూర్చునున్నారు! ఏమన్నారు మరి?"

మైకు బాబాయి నిజాయితీగానే గుర్తు తెచ్చుకోబోయాడు. "అధ్యక్షుడికి ఆరోజు జలుబు చేసిందే. మాటంతా ముక్కులోంచే వచ్చింది."

రంగులక్క ఆయన వంక చూసిన చూపుకి పొయ్యి లేకుండానే గంగాళం కాగేది.

ఆ రోజు నుంచి ఆవిడ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. కంపెనీ ఆఫీసులో కిటికీ వెనకున్న అమ్మాయి, "రేటు మేం పెట్టలేదండీ, కమిషన్ పెట్టింది" అంది. కమిషన్ ఆఫీసులో కళ్ళజోడు ఆయన, "కంపెనీ అడిగింది, మేం పరిశీలించి ఇచ్చాం. అభ్యంతరముంటే విచారణలో చెప్పాల్సిందమ్మా" అన్నాడు. "విచారణ ఎప్పుడు బాబూ?" అంటే, "అయిపోయిందిగా" అన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఒక్క పరుషమైన మాట అనలేదు. మనిషిని బంతిలా ఇటునుంచి అటు తన్నేటప్పుడు మర్యాదకి లోటు రాకపోతే చాలని వాళ్ళకి ఎవరు నేర్పారో గానీ, ఒళ్ళు మండిపోతుంది.

తిరిగి తిరిగి ఆవిడ ఒక సంగతి కూపీ లాగింది. వీధి మలుపులో కంపెనీ గొట్టం పగిలి ఎన్నాళ్ళుగానో నీళ్ళు రోడ్డుమీద పారుతున్నాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా వచ్చి బాగుచేసిన పాపాన పోలేదు. అలా ఊరంతటా కారిపోయే నీళ్ళే కంపెనీ వారి నష్టం. ఆ నష్టాన్ని జనం బిల్లుల్లో కలపడమే సర్దుబాటు.

ఇదంతా ఆవిడ ప్రతి సాయంత్రం మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు. ఇవాళ గొంతు అలిసినట్టుంది, ఇవాళ కాస్త కరుకుగా ఉంది అని మనసులో అనుకునేవాడు కూడా. అంతకు మించి ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. పాపం, ఇంట్లో ఆవిడ గొంతు కూడా ఆయనకి శబ్దమే అయిపోయింది.

బిల్లుకి జడిసి రంగులక్క జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. చివరి జాడింపు మానేసింది. స్కూలు టీచరమ్మ నీలం కోటు చూడ్డానికి నిగనిగలాడుతూ వెళ్ళింది. వారం తిరక్కుండా ఆ టీచరమ్మ కోటు పట్టుకుని వచ్చింది. చుట్టాలింట్లో తెల్ల సోఫాలో కూర్చుని లేస్తే, ఆవిడ కూర్చున్నంత మేరా నీలంగా దిగిందట. టీచరమ్మ తిట్టలేదు. "మీకు ఒంట్లో బాగుండడం లేదా అక్కా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది. ఆవిడ వెళ్ళాక రంగులక్క తొట్టిగట్టు మీద కూర్చుని, గోళ్ళలో నీలం గీక్కుంటూ ఏడ్చింది. వీధిలో మాట పాకడానికి ఎంతసేపు? బట్టలు రావడం సన్నగిల్లింది.

ఇంతలో ఏడాది తిరిగి, కంపెనీ మళ్ళీ పెంచమంటోందని తెలిసింది. ఈసారి గాని పెరిగితే గంగాళం బోర్లించేయడం తప్ప దారి లేదు. జాడించకుండా రంగు వెయ్యడం ఆవిడకి చేతకాదు, జాడిస్తే గిట్టదు. అందుకే వెళ్ళి విచారణలో మాట్లాడతానని పేరు ఇచ్చి వచ్చింది.

మైకు బాబాయి ఆవిడ వెనకే పెరట్లోకి వచ్చాడు. "నువ్వు నా భార్యవని మాత్రం అక్కడ అనకే. కాంట్రాక్టు ఊడుతుంది."

"అనన్లెండి. నాకు మీతో ఏం పని? మైకుతో పని."

విచారణ రోజు హాలు కిటకిటలాడింది. కంపెనీ వాళ్ళు తెరమీద గీతలు పైకి పోనిచ్చి చాలాసేపు చెప్పారు. వేదిక మీద అధ్యక్షుడూ, అటూ ఇటూ సభ్యులూ తలలాడించారు. తర్వాత జనం వంతు. రంగులక్క కంటే ముందు ఒక రిటైరైన పెద్దాయన ఒంటికాలి మీద లేచి బిల్లులు గాల్లో ఊపుతూ అరిచాడు. టింగుమంది గంట. మైకు బాబాయి మీట దించాడు. పెద్దాయన గొణుక్కుంటూ దిగిపోయాడు.

అప్పుడు రంగులక్క వచ్చి మైకు ముందు నిలబడింది. ఇస్త్రీ చీర కట్టుకుంది గానీ చేతులు కొంగులో దాచుకుంది. మైకు బాబాయి హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు. ఆవిడ తడబడుతుందేమో, ఏం నోరు జారుతుందో అని, ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి మాటలు వినడం మొదలుపెట్టాడు.

"నేను పాత బట్టలకి రంగులు వేస్తానండీ," అంది ఆవిడ. చెవిలో చెప్పినట్టు వినపడింది. "మా ఇంట్లో మిషన్లు లేవు, పనివాళ్ళు లేరు. తొట్టి, నేను, అంతే. దాన్ని మీరు వ్యాపారం అన్నారు. సరే అనండి. మరి మా వీధి మలుపులో మీ గొట్టం పగిలి పారుతోంది, ఆ నీళ్ళ ఖర్చు కూడా నా బిల్లులో వేశారు. నేను వాడిన నీళ్ళకి నేను కడతాను. మీరు పారబోసిన నీళ్ళకి కూడా నేనే కట్టాలంటే ఎలాగండీ? నీళ్ళు మిగుల్దామని జాడింపు తగ్గించాను. ఒకావిడ కోటు పాడయింది. డబ్బు పోతే పోనీ, నా చేతి పని మీద ఇన్నాళ్ళూ ఎవరూ వేలెత్తి చూపలేదండీ..."

కోటు సంగతి మైకు బాబాయికి తెలియదు. ఎందుకు తెలియదు, ఆవిడ చెప్పే ఉంటుంది.

"ఈ మాటలు ముందు మా ఇంట్లోనే చెప్పుకున్నాను. అక్కడా ఎవరూ వినలేదు. అందుకే ఇంతదూరం వచ్చాను."

టింగుమంది గంట. మైకు బాబాయి చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్ళింది. మీట కిందే ఉంది.

పెద్దాయనకి దించిన మీట దించినట్టే ఉంది. మాటలు వినే ధ్యాసలో పడి పైకి లేపడం మరిచిపోయాడు. మీట దించితే ఆగేది స్పీకర్లే, హెడ్‌ఫోన్లు కాదు. ఆవిడ మాట్లాడిందంతా హెడ్‌ఫోన్లలో ఆయన ఒక్కడికే వినపడింది. హెడ్‌ఫోన్లు లాగేస్తే హాలంతా గోలగోలగా ఉంది. "వినపళ్ళేదు, వినపళ్ళేదు" అని వెనక వరసల్లోంచి అరుస్తున్నారు. కంపెనీ వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. అధ్యక్షుడు తనకి ఒక్క ముక్కా వినపడకపోయినా, "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామమ్మా, తర్వాతివాళ్ళు రండి" అనేశాడు. వినపడలేదని ఆయనకి అనిపించనైనా లేదు చూశారా, నాకు అక్కడే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

రంగులక్కకి అప్పుడు అర్థమైంది. మైకు వంక చూసింది, బల్ల వంక చూసింది. మెల్లగా పక్కకి తప్పుకుంది.

మైకు బాబాయి మీట పైకి లేపాడు. లేచి, వైర్లు దాటుకుంటూ వచ్చి, మైకు ముందు నిలబడ్డాడు. ఎన్ని వేల మందికో మైకు అమర్చిన మనిషి, దాంట్లో తను "హలో, హలో, చెక్" తప్ప ఇంకో మాట ఎరగడు.

"అయ్యా, తప్పు నాది. మైకు వెయ్యలేదు. ఈవిడ నా భార్య. ఈవిడ చెప్పింది మీకెవరికీ వినపళ్ళేదు. నాకు వినపడింది, నేను చెప్తాను." మైకు కాస్త దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టాడు. "నేను పాత బట్టలకి రంగులు వేస్తానండీ."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగలేదు. ఉన్నదున్నట్టు, ఆవిడ మాట ఆవిడ మాటగానే అప్పజెప్పాడు. తొట్టి చెప్పాడు, గొట్టం చెప్పాడు, పారబోసిన నీళ్ళు చెప్పాడు. "సరే అనండి" అన్నచోట ఆవిడ ఎలా ఆగిందో అలాగే ఆగాడు. నవ్విన వాళ్ళు నోరు మూసుకున్నారు. మధ్యలో గంట టింగుమంది. గుమాస్తా అలవాటుగా బల్ల వంక చూశాడు. బల్ల దగ్గర ఎవరున్నారు మీట దించడానికి? గుమాస్తా మళ్ళీ కొట్టాడు. అధ్యక్షుడు ఇంక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. మైకు బాబాయి కోటు దగ్గరికి వచ్చాడు. "నా చేతి పని మీద ఇన్నాళ్ళూ ఎవరూ వేలెత్తి చూపలేదండీ" అన్నాక ఇంక గొంతు పెగల్లేదు. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అవి ముందుకి పాకాయి.

తర్వాతి కథ దాచడమెందుకు? రేటు పెరిగింది. కంపెనీ అడిగినదానికంటే కాస్త తక్కువ పెంచి, అది కమిషన్ వారు తమ దయగా రాసుకున్నారు. ఇళ్ళలో చేసుకునే పనుల సంగతి పరిశీలిస్తామన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. మరుసటి ఏడు మైకుల కాంట్రాక్టు ఇంకెవరికో వెళ్ళింది. గంగాళం మాత్రం బోర్లించలేదు. ఇప్పుడు మైకులకి గిరాకీ లేని రోజుల్లో జాడించేది మైకు బాబాయే.

విచారణ అయిన సాయంత్రం స్పీకర్ల పెట్టెలు వ్యానులోకి ఎక్కించి, ఇద్దరూ వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. వీధి మలుపు దగ్గర చక్రాలు నీళ్ళలోంచి పోయిన చప్పుడైంది.

"అన్నీ బాగానే చెప్పారు," అంది రంగులక్క. "చివర్న ఒక మాట వదిలేశారు."

"తెలుసు."

"గొంతు పట్టేసిందనుకున్నాను."

"అది కాదే. అది వాళ్ళకి చెప్పిన మాట కాదుగా. నాకు చెప్పింది."

ఆవిడ కొంగులోంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మరి వినపడిందా?"

"వినపడింది," అన్నాడు మైకు బాబాయి.