ఖైదీని చూడవచ్చినవారు

మా వారు యుద్ధ విమానం నడిపేవారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన విమానాన్ని సరిహద్దు అవతల శత్రువులు కూల్చేశారు. పారాచూట్‌తో చెరుకు తోటలో దిగి పట్టుబడ్డారు. ఖైదులో ఉన్నది నా లెక్కన మూడు వందల అరవై రోజులు, ఆయన లెక్కన మూడు వందల యాభై తొమ్మిది. పట్టుబడిన రోజు మధ్యాహ్నం దాకా స్వేచ్ఛగానే ఉన్నాను కదా అనేవారు. ఆ ఒక్క రోజు తేడా మా మధ్య ఎన్నడూ తేలలేదు. విమానంలోంచి సీటుతో సహా బయటికి ఎగిరినప్పుడు వెన్నుపూస నలిగింది. యుద్ధానికి ముందు ఆయన ఎత్తు నూట డెబ్బై నాలుగు సెంటీమీటర్లు, తిరిగొచ్చాక నూట డెబ్బై రెండు. నేనే కొలిచాను.

తర్వాత నాకు జర్మనీలో, ఎర్లాంగెన్‌లో డాక్టరు ఉద్యోగం వస్తే ఇద్దరం ఇక్కడికి వచ్చేశాం. ఇప్పుడు ఆయనకు మతిమరుపు జబ్బు. పోయిన మార్చి నుంచి వృద్ధుల హైమ్‌లో, అంటే ఆశ్రమంలో ఉంటున్నారు. ఇంటికి రెండు బస్‌స్టాపుల దూరం. రోజూ రెండున్నరకు వెళ్ళి ఐదింటిదాకా కూర్చుంటాను. జర్మన్ ఆయన నోటినుంచి ఎప్పుడో జారిపోయింది. మన మాట చెవిన పడితే బాగుంటుందని, పై అంతస్తులో పనిచేసే హైదరాబాదు నర్సును ఆయన వైపు వేయమని నేనే హైమ్ ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని వెళ్ళి అడిగాను. నలభై దాటిన ముస్లిం స్త్రీ, నెమ్మదస్తురాలు.

ఆమె మారిన మూడో రోజు, నేను వెళ్ళేసరికి గది బయట నిలబడి ఉంది.

“అమ్మా, సార్ నిన్న రాత్రికెళ్ళి ఏం తింటలేడు, తాగుతలేడు. నన్ను చూస్తే చాలు, గోడకు ఆనుకొని నిలబడి ఏదో నంబర్ చెప్తున్నడు.”

అది ఆయన సర్వీసు నంబరు. శత్రువుకు చిక్కినవాడు పేరు, హోదా, నంబరు తప్ప మరేమీ చెప్పకూడదు.

“ఆయన ముందు నువ్వేం మాట్లాడావు?”

“నేనేం అనలే అమ్మా. మా అమ్మీతోని ఫోన్ల మాట్లాడిన, ఉర్దూల. గంతే.”

నేను లెక్కలో వదిలేసింది అదే. ఖైదులో అన్ని రోజులూ ఆయన చెవిన పడింది ఉర్దూయే. మన మాట వినిపించబోయి ఆయన్ను నేనే మళ్ళీ అక్కడికి పంపాను. ఈ పూట కూడా తినకపోతే గొట్టం వేయాలని డాక్టరు చెప్పి వెళ్ళారట.

“తప్పు నీది కాదమ్మా, నాది,” అన్నాను.

“మంచిగ జైలరమ్మనైపోయిన,” అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. సూపు వేడిచేసి తెచ్చి నా చేతికిచ్చింది.

తలుపు తట్టాను. ఆయన లేచి నిటారుగా నిలబడి, ఎవరిని చూడడానికి వచ్చారని ఇంగ్లీషులో అడిగారు.

“ఏమండీ, నేనండీ.”

“ఖైదీ పేరు చెప్పండి. చెప్పనివాళ్ళతో మాట్లాడను.” అదీ ఇంగ్లీషులోనే.

యాభై ఆరేళ్ళ కాపురంలో ఆ పేరు నేను ఒక్కసారే పలికాను, మెట్టినింటి గడపలో ఆడపడుచులు దారికి అడ్డం నిలబడి చెప్పించినప్పుడు. కాగితాల మీద ఎన్నిసార్లయినా రాశాను. ఆఫీసుల్లో నోటితో చెప్పమంటే ఆయన కార్డు చూపించేదాన్ని. ఇక్కడ కార్డు పనికిరాదు.

చెప్పాను, ఇంటిపేరుతో సహా. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన ముఖం తేటపడింది. “మీరు తెలుగువారా! కూర్చోండి, కూర్చోండి. అయితే పట్టుబడ్డవాళ్ళ జాబితాలో నా పేరు ఎక్కిందన్నమాట.”

“ఎక్కిందండీ.”

“మరింకేం, ఇక నన్ను మాయం చేయలేరు. తింటాను.”

పద్నాలుగు చెంచాలు తాగారు. మూతి తనే తుడుచుకున్నారు.

“మీరు మా ఊరివైపు వెళ్తారా?”

“వెళ్తాను.”

“మా ఆవిడకి చెప్పండి, నడుం నొప్పి తప్ప కులాసాగా ఉన్నానని. నన్ను చూసిన తారీఖు అడుగుతుంది. సరిగ్గా చెప్పండి, లేకపోతే నిలబెట్టి కడిగేస్తుంది.”

“అంత గయ్యాళా?”

“గయ్యాళి కాదండీ, పట్టింపు మనిషి.” నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది. “ఇంట్లో ఒక్కతే ఉంది. మీరిలా కూర్చుంటే ఎలా? తొందరగా వెళ్ళి చెప్పండి.”

ఐదు కావడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి. సంచీ తీసుకుని లేచాను.