మాలలో ఉన్న మనిషికి చెప్పకూడని మాట

మా ఇంట్లో దేవుడికి లోటేమీ లేదు, ఆయనతో మాట్లాడే తీరికే నాకు లేదు. ఈ మాట పైకి అంటే మా అత్తగారు నొచ్చుకుంటారని అప్పట్లో అనలేదు. ఇప్పుడంటున్నాను.

కార్తీకంలో మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారంటే గాజువాకలో మా రెండు గదుల ఇల్లు గుడైపోతుంది. తెల్లారకముందే ఆయనకు చన్నీళ్ళ స్నానం, శరణుఘోష, హారతి. ఆయన కంటే ముందు లేచి తలస్నానం చేసి పొయ్యి వెలిగించేది నేను. ఆయనది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆయన భిక్ష కారేజీలో సర్ది, అత్తగారికి మందులిచ్చి, తడి జుట్టుతోనే పరుగెత్తి బస్సెక్కి హార్బరు దగ్గర ఆఫీసుకి పోయేదాన్ని. ఓడల కాగితాలు చూసే ఆఫీసు మాది. ఓడ రేవుకొచ్చిందంటే ఫోను ఒక్క క్షణం ఊరుకోదు. బస్సులో స్తోత్రం కూడా ఆ ఫోన్లోనే పెట్టుకుని వినేదాన్ని. సగంలో ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు, దేవుడు అక్కడికి ఆగిపోయేవాడు.

ఆ ఏడాది ఆయన మాల వేసుకున్న కొద్ది రోజులకే, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. వేరుశనగ గింజంత ఉంది, నొప్పి లేదు. ఎవరికీ చెప్పకుండా ఆఫీసు నుంచే వెళ్ళి చూపించుకున్నాను. డాక్టరమ్మ మొహం కొంచెం మారింది. "సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇంట్లోవాళ్ళని తీసుకుని రండి, ఆలస్యం చెయ్యకండి" అంది. సరేనని తలూపి వచ్చేశాను.

ఎవరిని తీసుకెళ్ళను? మాలలో ఉన్న మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదని మా ఇంట్లో పట్టింపు. "దీక్ష సెదిరిపోద్దమ్మా" అంటారు అత్తగారు. మా ఆడపడుచు భర్త బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఈయన కొండకెళ్ళి తిరిగొచ్చేదాకా దాచిన మనుషులు వీళ్ళు. ఆ దాచడంలో నేనూ ఉన్నాను. సరే, నాదీ అలాగే దాచేద్దాం, కొండ దిగొచ్చాక చెబుదాం అనుకున్నాను. డాక్టరమ్మ ఆలస్యం చెయ్యొద్దందని తెలుసు. అయినా దేవుడి పని మధ్యలో నా గడ్డ ఒకటా అనిపించింది.

ఒకరోజు ఆయనే అడిగారు. "ఏటలా ఉన్నావు?"

"నిద్ర చాలట్లేదు స్వామీ" అన్నాను.

ఆయన పడిపూజకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఒక్కసారి అడగొచ్చు కదా అని నాకు మండుకొచ్చింది. అడిగితే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. అయినా కోపమే.

మార్గశిర మాసం వచ్చింది. మనిషికి చెప్పకూడదు సరే, దేవతకి చెప్పుకోవచ్చు కదా అని గురువారం పాతూరి అమ్మవారి దగ్గరికి బయల్దేరాను. ఆ తల్లికి పైకప్పు ఉండదు, ఎండా వానా ఆవిడ మీదే. నడుమ పూజారి ఉండడు. ఎవరి చేత్తో వాళ్ళే నీళ్ళు పోసి, పసుపు రాసి, కుంకుమ పెట్టుకోవచ్చు. నేను వెళ్తున్నానని తెలియగానే ఇంటిల్లిపాదికీ, వీధికీ మొక్కులు గుర్తొచ్చాయి. అత్తగారికి మోకాళ్ళు. పక్కింటావిడకి కొడుకు ఉద్యోగం. ఆఫీసులో ఒకామెకి పెళ్ళి కుదరాలి. "నా పేరు మీద కూడా ఓ దండం ఎట్టీ" అన్నారు మా ఆయన.

వరుస పూర్ణా మార్కెట్ వైపు సందుల్లోకి సాగిపోయి ఉంది. నిలబడ్డంత సేపూ ఫోనే. ఏదో ఓడ కాగితం కనబడ్డం లేదట. ఏ బీరువాలో ఉందో, ఏ అరలో ఉందో చెబుతూ చెబుతూ అమ్మవారి ముందుకి వచ్చేశాను. గబగబా పసుపు రాసి, మోకాళ్ళు, ఉద్యోగం, పెళ్ళి, మా ఆయన దండం, అన్నీ అప్పజెప్పాను. "కదలండమ్మా, కదలండి" అని అక్కడ నిలబడ్డ అమ్మాయి నన్ను జరిపేసింది. బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే అప్పుడు తట్టింది, నా మాట చెప్పనేలేదని.

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో ఏం చెప్పను? అందరి మీదా. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మా ఆఫీసరు. ఓడ వచ్చిన రోజున, పట్టపగలు, నా ఉద్యోగంలో మొదటిసారి ఫోను పూర్తిగా ఆపేశాను. ఇంకో పసుపు పొట్లం కొనుక్కుని వరుస చివరికెళ్ళి నిలబడ్డాను.

ఎండెక్కింది. నా వెనక, ముక్కుకి రెండు వైపులా పెద్ద పుడకలు పెట్టుకున్న ముసలావిడ ఉంది. పడవలవాళ్ళ మనిషని మాటని బట్టి తెలుస్తోంది. మళ్ళీ అమ్మవారి ముందుకొచ్చాను. పసుపు చెయ్యి ఆ తల్లి మీద పెట్టాను. రెండో చెయ్యి దానంతటదే వెళ్ళి నా ఎడమ రొమ్ము మీద ఆగింది. అలా ఎంతసేపున్నానో తెలీదు.

"కదలండమ్మా" అంది ఆ అమ్మాయి.

వెనకనున్న ముసలావిడ నా చెయ్యి ఎక్కడుందో చూసినట్టుంది. చెయ్యి అడ్డం పెట్టి వరుసని ఆపేసింది. "ఉండండే. ఆ పిల్ల సెప్పుకుంటంది కదా. మనకేటి తొందర, ఏ పడవ ఎల్లిపోతంది?"

వెనక ఒకరిద్దరు సణిగారు. తర్వాత వాళ్ళూ ఊరుకున్నారు.

"నాకు భయంగా ఉందమ్మా" అన్నాను. అంతే, ఇంకేం చెప్పలేకపోయాను. ఆ మాట నా నోటి వెంట రావడం అదే మొదలు. నా చెవులతో నేనే విన్నాను. విన్నాక ఇంక దాచడం నా వల్ల కాదని తెలిసిపోయింది. బయటికొచ్చాక ముసలావిడ నన్నేమీ అడగలేదు. మల్కాపురం బస్సు ఎక్కడాగుతుందని మాత్రం అడిగింది, చూపించాను.

సాయంత్రం ఆయన భజనకి బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "కూచోండి స్వామీ. మాటుంది" అని మొత్తం చెప్పేశాను. లోపల్నుంచి అత్తగారు "దీక్షలో ఉన్నోడికి ఏటమ్మా ఆ మాటలు" అన్నారు. "నువ్వూరుకో అమ్మా" అన్నారాయన. గొంతు పెంచలేదు. ఆ రోజు భజనకి వెళ్ళలేదు. మర్నాడు నల్లబట్టలతో, చెప్పులు లేని కాళ్ళతో నా వెంట ఆసుపత్రికి వచ్చారు.

అది చెడ్డగడ్డేనని తేలింది. ఆపరేషన్‌కి ఇచ్చిన రోజు, సరిగ్గా ఆయన కొండకి బయల్దేరాల్సిన రోజే. మీరు వెళ్ళి రండి, మా అక్క నా దగ్గరుంటుందిలే అన్నాను. ఆయన మాల వేసిన గురుస్వామి దగ్గరికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మెడలో మాల లేదు.

"అదేంటండీ, ఇన్నాళ్ళ దీక్ష" అన్నాను.

"స్వామి కొండ మీదే ఉంటాడు. వచ్చే ఏడూ ఉంటాడు" అన్నారు. "నువ్వుండాల."

గడ్డ చేతికి తగిలిన దగ్గర్నుంచి అప్పటిదాకా నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను.